పోర్టల్ యాక్సిల్ ట్రక్కు: ఆయిల్ ఎక్కడుందో తెలిస్తే సగం మెయింటెనెన్స్ అయినట్టే

ఎత్తు పెంచి, పెద్ద టైర్లు వేసి, రాళ్లూ బురదా తొక్కడానికి తయారుచేసిన ట్రక్కు కిందికి ఒకసారి వంగి చూడండి. మామూలు బండిలో యాక్సిల్ గొట్టం తిన్నగా చక్రం నడిమధ్యలోకి వెళ్తుంది. పోర్టల్ యాక్సిల్ ఉన్న బండిలో అలా కాదు, ఆ గొట్టం చక్రం కేంద్రానికి పైనే ఆగిపోతుంది. దాని చివర నుంచి కిందికి ఒక ఇనుప పెట్టె దిగి ఉంటుంది. పెట్టెలో పైన ఒక గేరు, కింద ఒక గేరు. యాక్సిల్ షాఫ్ట్ పై గేరును తిప్పితే, కింది గేరు చక్రాన్ని తిప్పుతుంది.

ఇంత హంగామా ఎందుకంటే, టైరు పెద్దది చేస్తే వచ్చే ఎత్తులో సగమే మనకు దక్కుతుంది. టైరు వ్యాసం 8 అంగుళాలు పెంచితే డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలో ఉండి రెండు చక్రాలకూ బలం పంచే గేర్ల గుండు) నేల నుంచి లేచేది 4 అంగుళాలే. స్ప్రింగులు మార్చి బాడీ ఎంత ఎత్తినా డిఫరెన్షియల్ ఉన్నచోటే ఉంటుంది, రాయి తగిలేది దానికే. పోర్టల్ పెట్టె 4 అంగుళాలు దిగి ఉంటే, టైరు ముట్టుకోకుండానే ఆ 4 అంగుళాలూ వచ్చేస్తాయి.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 1948లో ఉత్పత్తి మొదలైన జర్మన్ ట్రక్కు యూనిమోగ్‌కు పేరు తెచ్చిన వాటిలో ఇదొకటి. వోల్వో సి303, పింజ్‌గౌవర్, యూఏజెడ్-469 సైనిక రకం, అమెరికా సైనిక వాహనం హమ్వీ, ఈ మధ్య మెర్సిడెస్ జి 63 ఏఎంజీ 6×6, అన్నిటిదీ ఇదే దారి. పాత ఫోక్స్‌వ్యాగన్ వ్యానుకు కూడా 1967 దాకా వెనక చక్రాల దగ్గర ఇలాంటి చిన్న గేరు పెట్టెలుండేవంటే చాలామంది నమ్మరు. అయితే ఫ్యాక్టరీ బండికీ మార్చిన బండికీ ఒక తేడా ఉంది. ఫ్యాక్టరీ బండిలో యాక్సిల్ ఏ కోణంలో కూర్చోవాలి, ఆయిల్ ఎంత ఉండాలి, గాలి ఎటు పోవాలి అన్నీ కలిపి ఆలోచించి పెట్టారు. మార్చిన ట్రక్కులో ఒక బండి యాక్సిల్ ఇంకో బండి కిందికి వస్తుంది, లేదా ఉన్న యాక్సిల్ చివర్లకు కొత్త పెట్టెలు బోల్టులతో బిగిస్తారు. అసలు మాన్యువల్ రాసినవాళ్లు ఊహించిన పరిస్థితి ఇప్పుడు లేదు. మెయింటెనెన్స్‌లో చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

ముందు లోపల జరిగే లెక్క చూద్దాం. చాలా పోర్టల్ పెట్టెల్లో కింది గేరు పెద్దది, పై గేరు చిన్నది. కాబట్టి షాఫ్ట్ ఎక్కువ తిరుగుతుంది, చక్రం తక్కువ తిరుగుతుంది. హమ్వీ హబ్‌లో (చక్రం నడిమధ్య భాగంలో) ఈ నిష్పత్తి 1.92. చక్రం దగ్గర 1,000 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) కావాలంటే షాఫ్ట్ మీద పడేది సుమారు 520 మాత్రమే. అందుకే షాఫ్టులు, జాయింట్లు, డిఫరెన్షియల్ అంత లావుగా ఉండక్కర్లేదు. కానీ ఉచితంగా ఏదీ రాదు. 37 అంగుళాల టైరుతో గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు చక్రం నిమిషానికి దాదాపు 450 చుట్లు తిరుగుతుంది. అదే సమయంలో షాఫ్ట్ దాదాపు 865 చుట్లు తిరుగుతుంది. హమ్వీ డిఫరెన్షియల్ నిష్పత్తి 2.73 కాబట్టి ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ వైపు నుంచి డిఫరెన్షియల్‌కు బలం తెచ్చే పొడవాటి షాఫ్ట్) 2,360 చిల్లర. అంటే షాఫ్టుల మీద భారం తగ్గింది, వేగం పెరిగింది. వేగం పెరిగితే వేడి, అరుగుదల, సీళ్ల (ఆయిల్ కారకుండా ఆపే రింగుల) మీద రాపిడి పెరుగుతాయి. బురదలో గంటల తరబడి పాకించినప్పుడు కంటే హైవే మీద తిన్నగా నడిపినప్పుడే పోర్టల్ పెట్టె ఎక్కువ వేడెక్కడం చూసి కొత్తవాళ్లు కంగారు పడేది ఇందుకే.

ఇంకో విషయం. రెండే గేర్లున్న పెట్టెలో చక్రం, షాఫ్ట్ ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. మధ్యలో ఐడ్లర్ గేర్లు పెట్టిన పెట్టెలో దిశ మారదు. మామూలు యాక్సిల్‌కు ఏమీ ఆలోచించకుండా రెండు గేర్ల పెట్టెలు బిగిస్తే మొదటి గేరులో బండి వెనక్కి పోతుంది! నవ్వొచ్చినా, ఇందులో మెయింటెనెన్స్ సంగతి ఒకటి దాగి ఉంది. దాన్ని సరిచేయడానికి యాక్సిల్‌ను తిరగేసి వేసినా, ఇంకేదైనా తంటా పడినా, క్రౌన్ వీల్ (డిఫరెన్షియల్‌లోని పెద్ద గేరు) తను తయారైన దిశలోనే తిరుగుతోందా, ఆయిల్‌ను పినియన్ (దాన్ని తిప్పే చిన్న గేరు) బేరింగ్ వైపే విసురుతోందా అన్నది చూసుకోవాలి. మార్చిన ట్రక్కు సెకండ్ హ్యాండ్‌లో కొంటున్నవాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే అని నా అభిప్రాయం.

ఇక ఆయిల్. నాలుగు చక్రాల ట్రక్కులో రెండు డిఫరెన్షియళ్లు, నాలుగు పోర్టల్ పెట్టెలు, పైగా గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక యాక్సిళ్లకు బలం పంచే పెట్టె). ఇంజిన్ కాక ఎనిమిది చోట్ల ఆయిల్ చూసుకోవాలి. ఇందులో పోర్టల్ పెట్టెల్లో పట్టేదే తక్కువ, చాలా వాటిలో లీటరు లోపే. ఆయిల్ తక్కువైనచోట తప్పుకు చోటుండదు. డిఫరెన్షియల్‌లోంచి 100 మిల్లీలీటర్లు కారితే పెద్దగా తెలియకపోవచ్చు, పోర్టల్ పెట్టెలోంచి అంతే కారితే పై బేరింగ్ ఎండిపోవచ్చు. నీళ్లు, ఇనుప రజను కూడా అంతే. ఆయిల్ కొంచెమే కాబట్టి త్వరగా పాడవుతుంది.

లోపల పంపు ఉండదు. కింది గేరు ఆయిల్‌లో సగం మునిగి తిరుగుతూ పైకి విసిరితే, పై గేరు, దాని బేరింగులు ఆ తుంపర మీదే బతకాలి. లెవెల్ తగ్గితే ముందు పోయేది పై బేరింగే. అలాగని నాలుగు చుక్కలు ఎక్కువ పోస్తే మంచిదే కదా అనుకోవద్దు. ఎక్కువైన ఆయిల్‌ను గేర్లు చిలికి నురగ చేస్తాయి. నురగలో సగం గాలే. వేడి పెరుగుతుంది, లోపల ఒత్తిడి పెరుగుతుంది, చివరికి సీలు దగ్గర బయటికి కక్కుతుంది.

మరి సరైన లెవెల్ ఎంత? లెవెల్ ప్లగ్ విప్పి, ఆయిల్ అంచు దాకా వచ్చిందా అని చూస్తే చాలంటారు. ఫ్యాక్టరీ బండికి అది నిజమే. మార్చిన బండికి చాలాసార్లు కాదు. ట్రక్కు ఎత్తు పెంచాక ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం తగ్గించడానికి యాక్సిల్‌ను కొంచెం తిప్పి పినియన్ మూతి పైకి లేపుతారు. ముందు యాక్సిల్‌లో క్యాస్టర్ (స్టీరింగ్ తిన్నగా నిలిచేలా చేసే వాలు) కోసం మరికొంత తిప్పుతారు. యాక్సిల్‌తో పాటు దాని చివరనున్న పెట్టె కూడా తిరుగుతుంది, పెట్టె మీదున్న లెవెల్ ప్లగ్ కూడా తిరుగుతుంది. ప్లగ్ పైకి పోతే అంచుదాకా పోసిన ఆయిల్ ఎక్కువైనట్టు, కిందికి పోతే తక్కువైనట్టు. డ్రెయిన్ ప్లగ్ కూడా అట్టడుగున లేకుండా పోవచ్చు. అప్పుడు ఎంత వంచినా అడుగున కాస్త మురికి ఆయిల్ మిగిలిపోతూనే ఉంటుంది.

దీనికి తేలికైన పద్ధతి ఉంది. బండిని చదునైన నేల మీద, చక్రాల మీదే నిలబెట్టాలి, జాకీ ఎక్కిస్తే కోణం మారిపోతుంది. ఆయిల్ వేడిగా ఉన్నప్పుడే పూర్తిగా వంచేసి, తయారీదారు చెప్పిన పరిమాణాన్ని గీతలున్న డబ్బాతో కొలిచి పొయ్యాలి. పదిహేను నిమిషాలు ఆగి, ఎల్ ఆకారంలో వంచిన సన్నని తీగను ప్లగ్ రంధ్రంలోంచి దింపి, రంధ్రం అంచుకు ఎంత కింద ఆయిల్ ఉందో కొలవాలి. ఆ కొలత ఆ బండికి, ఆ పెట్టెకు సొంతం. ప్రతి పెట్టెకూ విడిగా రాసి పెట్టుకోవాలి. కొలిచిన పరిమాణం పూర్తిగా పట్టకముందే ఆయిల్ రంధ్రంలోంచి పొర్లితే, ప్లగ్ కిందికి తిరిగిందన్నమాట. అప్పుడు పైనున్న వేరే రంధ్రంలోంచి పోసుకోవాలి. డిఫరెన్షియల్‌కు కూడా ఇదే సమస్య, కాకపోతే అక్కడ ఆపద వేరు. మూతి పైకి లేచిన పినియన్‌లో ముందువైపు బేరింగ్ ఆయిల్‌కు దూరమవుతుంది, అందుకే కొందరు ఫిల్లింగ్ రంధ్రాన్ని ఇంకొంచెం పైన వేయించుకుంటారు.

ఇప్పుడు అందర్నీ తికమక పెట్టే భాగానికి వద్దాం. చాలా డిజైన్లలో యాక్సిల్ గొట్టానికీ పోర్టల్ పెట్టెకూ మధ్య ఒక లోపలి సీలు ఉంటుంది. అది డిఫరెన్షియల్ ఆయిల్‌నూ పెట్టె ఆయిల్‌నూ విడదీస్తుంది. బయటికి ఒక్క చుక్క కారకుండానే అది పోవచ్చు. బండిని పక్కకు వాలిన నేల మీద రాత్రంతా నిలిపితే, డిఫరెన్షియల్ ఆయిల్ గొట్టం గుండా పల్లంవైపు పెట్టెలోకి పాకుతుంది. ఒక పెట్టె నిండి పొంగుతుంటుంది, డిఫరెన్షియల్ ఎండుతుంటుంది, కింద నేల మాత్రం శుభ్రంగా ఉంటుంది. లెవెల్ ప్లగ్ విప్పగానే ఆయిల్ బుడుంగుమని బయటికొస్తే ‘మనవాడెవడో ఎక్కువ పోశాడులే’ అని వంచేసి బిగించేస్తారు. కొన్ని నెలలకు డిఫరెన్షియల్ అరుస్తుంది. అప్పుడు దాన్ని విప్పి, బేరింగులు మార్చి, అసలు కారణాన్ని అలాగే ఉంచేస్తారు.

కాబట్టి ఒక పెట్టెలో లెవెల్ ఎక్కువ కనబడితే, ఆ యాక్సిల్ డిఫరెన్షియల్ లెవెల్ చూడకుండా ఏ ప్లగ్గూ బిగించొద్దు. అవతలి పెట్టె కూడా చూడాలి. డిఫరెన్షియల్‌లో తక్కువ, ఈ పెట్టెలో ఎక్కువ అయితే సీలు సంగతి దాదాపు ఖాయం. డిఫరెన్షియల్‌లో ఒక రంగు, పెట్టెల్లో ఇంకో రంగు ఆయిల్ దొరికితే నేనైతే అలాగే వేస్తాను, కలిసిందో లేదో చూడగానే తెలుస్తుంది. కొన్ని డిజైన్లలో ఈ లోపలి సీలు కావాలనే పెట్టరు, మొత్తానికి ఒకే ఆయిల్. మీది ఏ రకమో ముందు తెలుసుకోకపోతే లేని జబ్బుకు మందు వేసినట్టవుతుంది.

ఏ ఆయిల్ అన్నదాని మీద జనం గంటలకొద్దీ వాదించుకుంటారు. నా దృష్టిలో అది అంత పెద్ద విషయం కాదు. డిఫరెన్షియల్‌లో హైపాయిడ్ గేర్లుంటే వాటి పళ్లు ఒకదానిమీద ఒకటి జారుతూ కలుస్తాయి, అందుకే జీఎల్-5 (ఎక్కువ ఒత్తిడిని తట్టుకునే గేర్ ఆయిల్ స్థాయి) కావాలి. పోర్టల్ పెట్టెలోవి తిన్నని లేదా ఏటవాలు పళ్లు, వాటికి ఆ స్థాయి అవసరం లేదు. లోపల ఇత్తడి, కంచు బుష్‌లు ఉంటే కొన్ని జీఎల్-5 ఆయిళ్లలోని గంధకపు రసాయనాలు వాటిని తినొచ్చు. తయారీదారు చెప్పిన రకం, చెప్పిన చిక్కదనం పోసి, దాన్ని వేళకు మార్చడమే ముఖ్యం.

నీళ్ల సంగతి వేరు, అక్కడ నిజంగానే జాగ్రత్త కావాలి. గంటసేపు నడిచిన పెట్టె వేడిగా ఉంటుంది, లోపలి గాలి కూడా వేడిగా ఉంటుంది. అదే ఊపులో వాగులోకి దిగితే ఇనుము చల్లబడుతుంది, లోపలి గాలి కుంచించుకుపోతుంది, ఖాళీ ఏర్పడి బయటి నుంచి లాగుతుంది. ఆయిల్ సీలు లోపలి ఆయిల్‌ను ఆపడానికి చేసింది, బయటి నీటిని లోపలికి పీల్చే ఒత్తిడిని ఆపడానికి కాదు. బ్రీదర్ (గాలి వచ్చిపోవడానికి పెట్టిన చిన్న దారి) బాగుంటే ఆ ఖాళీలోకి గాలి వస్తుంది, మూసుకుపోతే నీళ్లొస్తాయి. అందుకే బ్రీదర్‌కు గొట్టం తగిలించి ఇంజిన్ గదిలో ఎత్తుగా కట్టాలి. పెట్టెలకు విడి బ్రీదర్లు ఉంటే వాటన్నిటికీ కట్టాలి. డిఫరెన్షియల్‌కు మాత్రం గొట్టం వేసి పెట్టెలను వదిలేసిన బండ్లు చాలా కనిపిస్తాయి. లోపలి సీలు బాగున్నంతకాలం డిఫరెన్షియల్ బ్రీదర్ పెట్టెకు ఏమీ సాయం చేయదు. బ్రీదర్ తెరుచుకుందో లేదో చూడ్డానికి గొట్టం చివర నోటితో ఊదితే చాలు, గాలి తేలిగ్గా పోవాలి. వాగు ముందు కాసేపు ఆగి చల్లారనిస్తే ఇంకా మంచిది. ప్రెషర్ వాషర్‌ను మాత్రం సీళ్ల అంచులమీద, బ్రీదర్ల మీద గురిపెట్టొద్దు. వాగు చేయలేని పని అది చేస్తుంది.

నీళ్లు పోయాయా అన్నది ఎలా తెలుస్తుంది? బండిని రాత్రంతా కదపకుండా ఉంచి, తెల్లారి స్టార్ట్ చేయకముందే డ్రెయిన్ ప్లగ్‌ను పూర్తిగా విప్పకుండా, నాలుగు చుట్లు వదులు చేయండి. నీళ్లు ఆయిల్ కంటే బరువు కాబట్టి అడుక్కి దిగి ఉంటాయి, మొదటి చుక్కలు నీళ్లే అయితే అక్కడే తెలిసిపోతుంది. బాగా కలిసిపోతే ఆయిల్ తెల్లబారి చిక్కగా కనిపిస్తుంది. అనుమానంగా ఉంటే వేడి ఇనుప రేకు మీద ఒక చుక్క వేయండి, నీళ్లుంటే చిటపటమంటుంది. నడిపితే వేడికి ఆవిరై పోతుందిలే అని వదిలేయడం ఎక్కువమంది చేసే పని. అంత వేడి ఆ పెట్టెలో మామూలుగా రాదు. ఈలోపు నిలబెట్టిన బండిలో బేరింగ్ రోలర్ల కింద తుప్పు గుంటలు పడతాయి, ఆ గుంటలే తర్వాత మోతగా వినిపిస్తాయి. వంచేసి, కొత్తది పోసి, కొంచెం నడిపి, మళ్లీ మార్చడమే దారి.

వంచిన ఆయిల్‌ను పారబోసేముందు చదవడం నేర్చుకోవాలి. డ్రెయిన్ ప్లగ్‌కు అయస్కాంతం ఉంటే దాని మీద బూడిదరంగు మెత్తని పేస్టు పేరుకోవడం మామూలే. దాన్ని రెండు వేళ్ల మధ్య నలిపి చూడండి. నున్నగా ఉంటే సాధారణ అరుగుదల. గరగరలాడితే, పొరలు పొరలుగా రేకుల్లాంటి ముక్కలు కనిపిస్తే బేరింగ్ పైపొర లేస్తోందని అర్థం. మందంగా, కోణాలుగా ఉన్న ముక్క గేరు పన్ను నుంచి వచ్చి ఉండొచ్చు. అయస్కాంతానికి అంటని పసుపు మెరుపు కనిపిస్తే కంచు బుష్షో వాషరో అరుగుతోంది. కొత్త పెట్టెల్లో మొదటి ఆయిల్ ఎప్పుడూ మురికిగానే వస్తుంది, గేర్లు ఒకదానికొకటి కుదురుకునేటప్పుడు రజను రాలుతుంది. అందుకే మొదటి మార్పు త్వరగా చేయమంటారు, దాన్ని మాత్రం దాటవేయొద్దు.

నడుస్తున్న బండిలో ఆయిల్ సంగతి చెప్పేది వేడి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఒకటి కొనుక్కుంటే డబ్బు వృథా కాదు. ఒక్క పెట్టె ఎంత వేడి ఉందన్నది కాదు లెక్క, అదే యాక్సిల్‌కు అవతలివైపు పెట్టెతో పోలిస్తే ఎంత తేడా ఉందన్నది లెక్క. బ్రేక్ డిస్కుకు దూరంగా, గేరు ఉండే భాగం మీద, రెండు వైపులా ఒకే చోట చూడాలి. లేకపోతే పట్టేసిన బ్రేక్ వేడిని బేరింగ్ నెత్తిన వేస్తారు. శబ్దానికి కూడా ఇదే సూత్రం. తిన్నని పళ్ల గేర్లు పుట్టుకతోనే కూస్తాయి, దానికి టెన్షన్ పడక్కర్లేదు. నిన్న లేని మోత ఇవాళ వస్తే, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒకలా వదిలినప్పుడు ఒకలా ఉంటే, లేదా చుట్టుకొకసారి టిక్కుమంటే అప్పుడు ఆగి చూడాలి.

బయటి సీలు పోతే ఆయిల్ చక్రం వైపు, చాలాసార్లు బ్రేకుల మీదికి కారుతుంది. బ్రేక్ వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగితే టైరు గాలి చూశాక చక్రం విప్పి చూడండి. బురదలో తిరిగే బండిలో సీలు మార్చినా మళ్లీ కారుతోందంటే సీలు తప్పు కాకపోవచ్చు. సీలు పెదవి ఆనే చోట షాఫ్ట్ మీద ఇసుక గాడి కోసి ఉంటుంది. గోరు పెట్టి గీస్తే తగులుతుంది. ఆ గాడి మీద పలుచని స్లీవ్ తొడగాలి, లేదా సీలును కొంచెం పక్కకు కూర్చోబెట్టాలి.

ఆయిల్ తర్వాత బోల్టులు. పెట్టెను యాక్సిల్‌కు పట్టి ఉంచే బోల్టుల మీద పడే మెలి మనం అనుకున్నదానికన్నా ఎక్కువ. రెండు గేర్ల పెట్టెలో షాఫ్ట్ వైపు ప్రతిచర్య, చక్రం వైపు ప్రతిచర్య రెండూ ఒకే దిశలో కలిసి పెట్టెను తిప్పాలని చూస్తాయి. దిశ మారని ఐడ్లర్ పెట్టెలో కొంత రద్దవుతుంది. అదీ కాక నేల నుంచి యాక్సిల్ గొట్టానికి ఉన్న ఎత్తు ఇప్పుడు టైరు సగం కొలతకు తోడు పెట్టె దిగిన కొలత. అందుకే గట్టిగా లాగినప్పుడు, బ్రేక్ వేసినప్పుడు యాక్సిల్ మెలిపడటం ఎక్కువ, కమాను పట్టీలు వంగడం ఎక్కువ, లింకుల బుష్‌లు త్వరగా పోతాయి. కొత్తగా బిగించిన పెట్టెల బోల్టులను తయారీదారు చెప్పిన దూరం తర్వాత టార్క్ రెంచితో మళ్లీ చూసి, ప్రతి బోల్టు మీదా పెయింటుతో ఒక గీత గియ్యాలి. గీత చీలితే బోల్టు కదిలినట్టే. చూపు కోసం బయటికి పొడుచుకొచ్చే రిమ్ములో, స్పేసర్లో వేస్తే చక్రం బరువు బేరింగులకు దూరమై వాటి ఆయుష్షు తగ్గిస్తుంది. అది సోకు తప్ప అవసరం కాదు.

బేరింగుల బిగింపు మాత్రం ఇంట్లో చేసే పని కాదని నా సలహా. టేపర్ రోలర్ బేరింగ్‌కు నట్టు లేదా షిమ్‌లతో (పలుచని రేకులతో) ఇచ్చే ప్రీలోడ్ (ముందస్తు బిగింపు) తక్కువైతే గేర్లు పక్కకు జరిగి పళ్ల అంచులు తినేస్తాయి, ఎక్కువైతే బేరింగ్ తన వేడికి తనే మాడిపోతుంది. డయల్ గేజ్, కొలతల అలవాటు ఉన్న చోట చేయించాలి. మీరు చేయగలిగింది చక్రాన్ని జాకీ మీద ఎత్తి, పైనా కిందా పట్టుకుని ఊపి చూడటం. ముందు చక్రమైతే ప్లే (వదులు) కింగ్ పిన్‌లో (స్టీరింగ్‌తో చక్రం మళ్లే కీలులో) ఉందా హబ్‌లో ఉందా అన్నది ఒకరు బ్రేక్ తొక్కి పట్టుకుంటే తేలుతుంది. బ్రేక్ పట్టాక ప్లే మాయమైతే అది హబ్ బేరింగ్‌దే.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, దారిలో పోతే దీనితో ఇంటికి రావడం కష్టం. మామూలు ఫుల్ ఫ్లోటింగ్ యాక్సిల్‌లో (బండి బరువు షాఫ్ట్ మీద పడని రకంలో) షాఫ్ట్ విరిగితే దాన్ని పీకేసి, రంధ్రం మూసి, ఇంకో యాక్సిల్ మీద నెమ్మదిగా వచ్చేయొచ్చు. పోర్టల్ బండిలో కూడా విరిగింది షాఫ్ట్ అయితే అంతే. కానీ పోయింది పెట్టెలోని గేరో బేరింగో అయితే, షాఫ్ట్ తీసేసినా చక్రం తిరిగినంతసేపూ కింది గేరు పై గేరును తిప్పుతూనే ఉంటుంది. విరిగిన పన్ను మధ్యలో ఇరుక్కుంటే చక్రం అక్కడే పట్టేస్తుంది. దూరం పోయేటప్పుడు ఒక పెట్టెకు సరిపడా ఆయిల్, లోపలి, బయటి సీళ్లు ఒక జత, ఒక డ్రెయిన్ ప్లగ్, బ్రీదర్ గొట్టం ముక్క, వంచిన ఆ తీగ పెట్టుకోండి. ప్రతి సాయంత్రం ఇంజిన్ ఆపగానే నాలుగు పెట్టెల వేడి చూసి రాసుకోవడానికి ఐదు నిమిషాలు పట్టదు. ఒకటి తేడాగా కనిపిస్తే, అది చల్లారాక ప్లగ్ విప్పి లెవెల్ చూశాకే మర్నాడు బయల్దేరండి.